గంగమ్మ వేషాలు: కాస్ట్యూమ్ మార్చి గెలిచిన మన తిరుపతి ఫైటర్

ఈ ఎపిసోడ్ ఒక గొడవతో మొదలైంది. చిన్న గొడవే, ఇంట్లో గొడవ.

పోయిన సంక్రాంతికి చిత్తూరులో మా పిన్ని వాళ్లింటికి పోయినా. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. ఫోన్లో ఫైటింగ్ గేమ్ ఆడుకుంటా ఉన్నాడు. వాడి క్యారెక్టర్‌కి కొత్త కాస్ట్యూమ్ కొన్నాడంట. ఎంత రా అంటే మూడొందలు అన్నాడు. "పంచ్ పవర్ ఏమన్నా పెరిగిందా?" అని అడిగినా. "లేదన్నా, లుక్కు" అన్నాడు. లుక్కుకి మూడొందలా!

అక్కడ మొదలైంది. నేనేమో కాస్ట్యూమ్ ఊరికే రంగు, అసలు మజా ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ఉంటుందని వాదించినా. మనిషి మారాలి, బలం పెరగాలి, స్క్రీన్ అదిరిపోవాలి. వాడేమో, "అన్నా, నీ ట్రాన్స్‌ఫర్మేషన్ ఎప్పుడూ ఒకటే. కండలు పెరగతాయి, కళ్లు ఎర్రబడతాయి, జుట్టు రంగు మారతాది. బోర్ కొట్టలేదా?" అన్నాడు. అరగంట వాదించుకున్నాం. వసారాలో చిక్కుడుకాయలు గిల్లుకుంటా కూర్చున్న మా అవ్వ ఒకే మాటతో ఇద్దరి నోళ్లూ మూయించింది.

"మన గంగమ్మ మార్చినన్ని వేషాలు మీ బొమ్మ మార్చిందేమి రా? ఆ తల్లి ఊరికే మార్చిందా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు గేమ్స్ సంగతి త్వరగా చూసేద్దాం. స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది 1991లో. అందులో ఇద్దరు ఆటగాళ్లు ఒకే క్యారెక్టర్‌ని ఎంచుకోవడానికి లేదు. 1992లో వచ్చిన ఛాంపియన్ ఎడిషన్‌లో దానికి దారి ఇచ్చారు. ఇద్దరూ ర్యూనే తీసుకుంటే ఎవరు ఎవరో తెలియాలి కదా, అందుకని ఒకడి బట్టల రంగు మార్చారు. అదే 1992లో మోర్టల్ కాంబాట్ వచ్చింది. అందులో స్కార్పియన్, సబ్‌జీరో ఇద్దరికీ కెమెరా ముందు నిలబడింది ఒకే నటుడు. బట్టల రంగు మార్చి ఇద్దరు ఫైటర్లని చేసేశారు. మెమరీ తక్కువ, డబ్బులు తక్కువ, ఐడియా మాత్రం సూపర్. దీన్ని ప్యాలెట్ స్వాప్ అంటారు. అదే గేమ్‌లో షాంగ్ సుంగ్ అనే మాంత్రికుడు ఎదుటివాళ్ల రూపంలోకి మారిపోయి, వాళ్ల దెబ్బలే వాళ్లకి కొడతాడు. అది ట్రాన్స్‌ఫర్మేషన్. అంటే మేమిద్దరం కొట్టుకున్న రెండు పక్షాలూ 1992లోనే ఉన్నాయి. ఒకటి రంగు మారడం, ఇంకొకటి మనిషే మారిపోవడం.

ఇప్పుడు తిరుపతికి వద్దాం.

ఏటా ఎండలు మండే మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా, గంగమ్మని మా ఊళ్లో శ్రీవారి చెల్లెలు అంటారు. జాతరకి టీటీడీ నుంచి సారె వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. అక్కడి నుంచి వారం రోజులు ఊరు ఊరుగా ఉండదు. రోజుకొక వేషం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆ పై మంగళవారం జాతర. ఆ మర్నాడు తెల్లవారుజామున విశ్వరూపం.

వేషాల వెనక కథ ఏమంటే, మా ఇంట్లో చెప్పుకునేది ఇది. ఈ ప్రాంతాన్ని ఒక పాలెగాడు ఏలేవాడు. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదు. కళ్లు పడితే ఎత్తుకుపోయేవాడు. గంగమ్మ తిరుపతి పక్కనే ఉన్న అవిలాలలో పెరిగింది. ఒకరోజు వాడి కన్ను ఆమె మీద పడింది. చెయ్యి పట్టుకోబోయాడు. అప్పుడు ఆమె తన అసలు రూపం చూపించింది. విశ్వరూపం. వాడు పారిపోయాడు.

ఇక్కడ ఆగండి. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే, కానీ గేమ్ కళ్లతో చూసేదాకా ఒక సంగతి పట్టలేదు. గేమ్స్‌లో అయితే ఫైటర్ చివరి రౌండ్‌లో పెద్ద రూపం ఎత్తుతాడు, దాంతో బాస్ ఖతం. ఇక్కడ ఆ పెద్ద రూపం మొదటి రౌండ్‌లోనే వచ్చేసింది. వచ్చి ఏమైంది? శత్రువు చావలేదు. భయపడి దాక్కున్నాడు. అంత బలం చూశాక ఎవడు ఎదురుగా నిలబడతాడు? బలం ఎక్కువయ్యే కొద్దీ పోట్లాటే లేకుండా పోయింది. వాడు బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలియదు.

అందుకని ఆమె చిన్న రూపాలు ఎత్తింది.

బైరాగి వేషం చూడండి. ఒంటినిండా నామకొమ్ము పూసుకుంటారు, మనిషి తెల్లగా అయిపోతాడు. బండ వేషానికి కుంకుమ, అంటే ఎరుపు. తోటి వేషానికి బొగ్గు, నలుపు. దొర వేషానికి గంధం. ఒళ్లు అదే, రోజుకొక రంగు. ప్యాలెట్ స్వాప్! 1992లో అమెరికాలో మెమరీ లేక చేసిన పనిని, మా ఊళ్లో వీధి మలుపులో అమ్మలు పిల్లలకి ఎప్పటి నుంచో గిన్నెలో కలిపి పూస్తా ఉన్నారు. రంగుతో పాటు పని కూడా మారుతుంది, అదే తేడా.

బైరాగి ఏ ఇంటి ముందుకైనా పోవచ్చు. భిక్ష అడిగేవాణ్ని ఎవరూ "నువ్వెవరు" అని ఆపరు. కాబట్టి వెతకడానికి మొదట ఆ రూపం.

బండ వేషం రోజు బూతులు తిడతారు. నిజంగానే, రోడ్డు మీద, పెద్దవాళ్ల ముందే. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు బిత్తరపోతారు. పెద్దవాళ్లు చెప్పే కారణం ఏమంటే, ఆ తిట్లు వింటే దాక్కున్న పాలెగాడికి రోషం వచ్చి బయటికి వస్తాడని. ఫ్రెండ్స్, ఇది టాంట్ బటన్. 1992లో వచ్చిన ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ అనే గేమ్‌లో ఎదుటివాణ్ని ఎగతాళి చేస్తే వాడి స్పిరిట్ గేజ్ తగ్గుతుంది. మా తమ్ముడికి ఇది చెప్తే, "అయితే బండ వేషం క్యారెక్టర్ నాకు కావాలన్నా" అన్నాడు.

తోటి వేషం దగ్గర మాత్రం కొంచెం నిదానంగా మాట్లాడాలి. తోటి అంటే కథలో పాత్ర మాత్రమే కాదు. ఊరికి కబుర్లు మోసి, కావలి కాసి, పెద్దల ఇళ్లలో చాకిరీ చేసిన గ్రామ సేవకుడు. ఆ పని చేసింది ఎక్కువగా దళిత కుటుంబాలే. నాకు తోచింది చెప్తాను. పాలెగాడు తోటి ముఖం ఎప్పుడన్నా చూసి ఉంటాడా? చూసి ఉండడు. పని చేసేవాళ్ల ముఖం దొరలు చూడరు. అందుకే ఆ రూపంలో కోట వాకిలి దాకా పోవచ్చు. గేమ్ భాషలో స్టెల్త్. కానీ ఆ స్టెల్త్ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోవడం నుంచి వచ్చింది. వేషం వేసినవాడు సాయంత్రానికి బొగ్గు కడుక్కుంటాడు. ఆ పేరుతో బతికిన కుటుంబాలకి కడుక్కునే వీలు లేదు కదా. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

ఆ తర్వాత దొర వేషం. కథలో ఇదే గెలిచే రోజు. ఊళ్లోకి ఎవరో పెద్ద దొర వచ్చాడని వినగానే పాలెగాడు బయటికి వచ్చాడు. తన హోదా ఉన్నవాడు, తన లాంటివాడు వచ్చాడు, కలవకపోతే మర్యాద కాదు అనుకున్నాడు. గంగమ్మ తల నరికేసింది. విశ్వరూపానికి పారిపోయినవాడు, బైరాగికి దొరకనివాడు, తిట్లకి కూడా లేవనివాడు, తన వేషమే ఎదురొస్తే నడుచుకుంటా వచ్చి చచ్చాడు. షాంగ్ సుంగ్ టెక్నిక్ ఇదే కదా!

ఇప్పుడు చరిత్ర. అసలు ఈ పాలెగాడు ఎవరు? మేము విన్న కథలో వాడికి పేరు లేదు. కానీ పాలెగాళ్లు నిజం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండకి, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. చంద్రగిరి తిరుపతి నుంచి బస్సెక్కితే అరగంట కూడా పట్టదు. రాజు బలహీనపడే కొద్దీ, అడవి దారుల్లో, కొండ గుట్టల్లో కొద్దిపాటి సైన్యం పెట్టుకుని కావలి కాసి, పన్ను వసూలు చేసే పాలెగాళ్లు బలపడ్డారు. రక్షించేది వాళ్లే, దోచేది కూడా వాళ్లే. ఎవరిని అడిగేది? 1800లో నిజాం కడప, బళ్లారి వైపు ప్రాంతాల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. 1801లో ఆర్కాటు నవాబు కింద ఉన్న మన చిత్తూరు, తిరుపతి వైపు కూడా కంపెనీ చేతికి పోయింది. కంపెనీకి పాలెగాళ్లంటే పడదు. 1804 ప్రాంతంలో చిత్తూరు పాలెగాళ్లు ఎదురు తిరిగితే సైన్యాన్ని పంపి అణిచేసింది.

ఇంకో పక్క చూడండి. 1846లో కంపెనీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కూడా పాలెగాళ్ల కుటుంబం వాడే. ఆయన మీద 2019లో సైరా సినిమా వచ్చింది, మనమందరం విజిల్ వేసినాం. అంటే సీమలో పాలెగాడు అన్న మాటకే రెండు కాస్ట్యూములు ఉన్నాయి. ఒకటి వేసుకుంటే హీరో, ఇంకొకటి వేసుకుంటే జాతర రోజు తల తెగే విలన్. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా రాజులు, కంపెనీ, పన్నుల లెక్కలు ఉంటాయి. ఆ పాలెగాడి కింద బతికిన ఇంట్లో ఆడపిల్లకి ఎలా ఉండేదో పన్ను లెక్కల్లో దొరకదు. అది జాతర దాచిపెట్టింది. అందుకే నేను దీన్ని చరిత్ర అంటున్నా.

సరే, విలన్ చచ్చిపోయాడు. గేమ్ అయితే ఇక్కడ కేవో అని పడి, మ్యూజిక్ వచ్చి, హీరో చెయ్యెత్తి నిలబడతాడు. జాతర ఇక్కడ ఆగదు. దొర వేషం మర్నాడు మాతంగి వేషం. మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, గాజులు వేసుకునే రోజు. ఎందుకు? పాలెగాడు చచ్చాక వాడి భార్య ఏడుస్తా కూర్చుంది. గంగమ్మ మాతంగిగా ఆమె దగ్గరికి పోయి ఓదార్చింది.

నేను ఎన్నో గేమ్స్ ఆడినా. కొట్టడానికి, తప్పించుకోవడానికి, దాక్కోవడానికి కాస్ట్యూములు చూసినా. చంపిన తర్వాత, చచ్చినవాడి ఇంటికి పోవడానికి ఒక కాస్ట్యూమ్ ఉన్న గేమ్ నాకు తగల్లేదు.

ఈ వేషాల్ని ఊరి తరఫున వంశపారంపర్యంగా ఎత్తేది కైకాల కుటుంబాల వాళ్లు. మామూలు జనం మొక్కుకుని వేసేవి వేరే. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పని చేసిన జాయిస్ ఫ్లూకిగర్ 1990ల నుంచి ఈ జాతర మీద పని చేసి 2013లో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఆమె చెప్పేది ఏమంటే, ఆ వారం లోకమే ఆడదైపోతుంది. ఆడవాళ్లలో అమ్మవారి శక్తి ముందే ఉంది కాబట్టి పసుపు పూసుకుంటే చాలు. మగవాడే వేషం వేసుకుని దగ్గరికి రావాలి. అంటే మాతంగి వేషంలో ఉన్న మగవాడు ఆడదాన్ని ఎగతాళి చేయడం లేదు, కిందికి దిగడం లేదు. లెవెల్ అప్ అవుతున్నాడు.

ఇదేం కొత్త కాదు మనకి. చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపది గుడి ఉన్నచోట భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. కీచకుణ్ని చంపే రాత్రి భీముడు చీర కట్టుకుని వచ్చేది, పిల్లలందరం ముందు వరసలో గోనెసంచులు వేసుకుని చూసినాం. ఉత్తర గోగ్రహణంలో కౌరవ సైన్యాన్ని తరిమింది బృహన్నల బట్టల్లో ఉన్న అర్జునుడు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆ బృహన్నలగా ఎన్టీఆర్ చేశారు. మగతనం తగ్గిందని ఆ రోజుల్లో ఎవరైనా అన్నారా?

కానీ నన్ను అన్నారు. ఇది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి చెప్తున్నా.

నాకు నాలుగేళ్లప్పుడు ఒంటికి అమ్మవారు పోసింది. జ్వరం తగ్గక మా అమ్మ గంగమ్మకి మొక్కుకుంది, నాకు తగ్గితే ఏటా మాతంగి వేషం వేయిస్తానని. చిన్నప్పుడు నాకది పండగే. సవరం పెట్టి, కనకాంబరాలు చుట్టి, అమ్మ చీరని మడిచి మడిచి కట్టేది. బీటెక్ సెకండియర్‌లో జాతరకి తీసిన ఫోటో ఒకటి హాస్టల్ వాట్సాప్ గ్రూపులోకి పోయింది. ఏ కాలేజీ, ఎవరు అనేది వద్దు. ఆ సెమిస్టర్ అంతా నాకు ఒక పేరు పెట్టి పిలిచారు. పరీక్ష హాల్లో కూడా.

ఆ మరుసటి ఏడాది నేను జాతరకి రాలేదు. ల్యాబ్ ఎగ్జామ్ ఉందని అబద్ధం చెప్పినా. అమ్మ ఏమీ అనలేదు. నా కోసం కొన్న చీరని తీసుకుని ఒక్కతే గుడికి పోయి, అమ్మవారికి ఇచ్చి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత బెంగళూరు, ఉద్యోగం, నైట్ షిఫ్టులు. మే నెల రాగానే ఏదో ఒక సాకు.

2023 ఏప్రిల్‌లో పుష్ప 2 పోస్టర్ వచ్చింది గుర్తుందా? నీలం రంగు ముఖం, చీర, నిమ్మకాయల దండ. దేశమంతా చర్చ. ఇదేం గెటప్, ఎక్కడి నుంచి తెచ్చారు అని. మనవాళ్లకి చూడగానే తెలుసు, మన జాతరే అని. ఆ రాత్రి నాకు ఒక మెసేజ్ వచ్చింది. హాస్టల్‌లో నాకు పేరు పెట్టినవాళ్లలో ఒకడు. "మామా, సూపర్ కదా! ఇది మీ ఊరిదే కదా, నువ్వు కూడా వేసేవాడివి కదా?" అని. తిట్టాలనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. హీరో వేస్తే గూస్‌బంప్స్, పక్క బెడ్ వాడు వేస్తే కామెడీ. చీర అదే.

పోయిన మే నెలలో నేను మళ్లీ కట్టినా. తొమ్మిదేళ్ల తర్వాత. గాజులు చేతికి ఎక్కలేదు, సబ్బు రాసి ఎక్కించింది అమ్మ. రోడ్డు మీదికి వస్తే ఎవరన్నా ఫోన్ తీస్తారేమో అని గుండె దడ. ఫోన్లు తీసినారు కూడా. కానీ గుడి దగ్గర ఒక ముసలామె నా ముందు ఆగి, చంకలో ఉన్న మనవరాలి తలని నా చేతి కింద పెట్టింది. నేనెవరో ఆమెకి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ బిడ్డ ఒళ్లు జ్వరంతో కాలిపోతా ఉంది. నాకు ఏ మూవూ తెలియదు. చెయ్యి పెట్టినా, అంతే. ఆ నిమిషంలో నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కాదు, వీడియోలు చేసేవాణ్ని కాదు.

ఇప్పుడు మళ్లీ మన వాదనకి వద్దాం. రేపు ఎవరో ఒక గేమ్ స్టూడియో వాళ్లు గంగమ్మని ఫైటర్‌గా పెట్టి, వేషానికి మూడొందలు చొప్పున అమ్మితే? జరగొచ్చు. 2012లో స్మైట్ అనే గేమ్‌లో కాళికమ్మని చూపించిన తీరు మీద అభ్యంతరాలు వచ్చాయి. అక్కడ గొడవ ఎక్కువగా బట్టలు ఎంత ఉన్నాయి అనే దగ్గర తిరిగింది. నా ప్రశ్న వేరే. తోటి వేషం పెడితే తోటి ఎవరో చెప్తారా? మాతంగి అనే పేరుకి మాదిగ ఆరాధనలో ఉన్న చోటు చెప్తారా? చెప్పకుండా నలుపు రంగు, ఎరుపు రంగు మాత్రం తీసుకుంటే అది 1992 నాటి ప్యాలెట్ స్వాప్ కన్నా చవక. వాళ్లకి కనీసం మెమరీ లేదనే సాకు ఉండింది.

కొత్త కాస్ట్యూమ్ చూసినప్పుడు నేను ఇప్పుడు అడిగే ప్రశ్న ఒకటే. దీన్ని వేసుకుంటే ఈ క్యారెక్టర్ ఇంతకు ముందు పోలేని ఏ వాకిట్లోకి పోగలదు? జవాబు ఉంటే మూడొందలు పెట్టొచ్చు.

ఇంకొక్కటి. కథలో మొదట వచ్చిన విశ్వరూపం, జాతరలో చివర వస్తుంది. గుడి ముందు మట్టితో పెద్ద రూపం చేస్తారు. తెల్లవారుజామున దాని చెంప తొలగిస్తారు, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక చిన్న డబ్బాలో ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద రూపం నిలిచేది కాసేపే. తర్వాత ఇంటింటికీ చిటికెడు.

ఈ స్క్రిప్ట్ రాసి మా తమ్ముడికి ఫోన్లో చదివి వినిపించినా. అంతా విని, "అన్నా, మాతంగి వేషానికి స్పెషల్ మూవ్ ఏముంది?" అన్నాడు. ఏమీ లేదురా, పోయి పక్కన కూర్చోవడమే అన్నా. కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి నాకూ కట్టమని పెద్దమ్మకి చెప్పు" అన్నాడు. వెనక నుంచి మా అవ్వ గొంతు: "ముందు వాణ్ని ఇంటర్ పాస్ కమ్మను!"

అదీ సంగతి ఫ్రెండ్స్. మీ ఊరి జాతరలో ఏ వేషాలు వేస్తారో, ఎందుకు వేస్తారో మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి అడగండి. అడిగేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.